‘సేప’ అన్న పిల్లకు మాట దోషం అంటగట్టవచ్చునా?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారములు. ముప్పయ్యేళ్ళకు పైగా తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి, పదవీ విరమణ తర్వాత శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర మా సొంత ఊళ్ళో స్థిరపడినవాడిని. మాట, వినికిడి సమస్యలపై జరిగే ఆరోగ్య పరిశోధనలో మా ప్రాంతపు పలుకుబడిని కూడా లెక్కలోకి తీసుకోవలసిన అవసరాన్ని మీ పత్రిక ద్వారా వైద్యుల, పరిశోధకుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా మనవరాలికి అయిదేళ్ళు. నాలుకకు వస కొంచెం ఎక్కువే రాసినట్టున్నారని ఇరుగుపొరుగు నవ్వుకునేంత మాటకారి. గత ఏడాది పట్టణంలో బడిలో చేర్చే ముందు ఒక ఆస్పత్రిలో పరీక్షలు చేయిస్తుంటే, అక్కడ ఒకమ్మాయి దాన్ని ఎదురుగా కూర్చోబెట్టి బొమ్మలు చూపించి పేర్లు చెప్పమంది. చేప బొమ్మకు ‘సేప’ అంది, చెట్టుకు ‘సెట్టు’ అంది, కళ్ళకు ‘కల్లు’ అంది, నీకు తమ్ముడున్నాడా అని అడిగితే ‘నేదు’ అంది. ప్రతి మాటకూ ఎదురుగా ఎర్ర సిరాతో ఇంటూ గుర్తు పడుతూ వచ్చింది. మా ఆవిడ ఉండబట్టలేక, “సేపని సూపిస్తే సేపనే కదమ్మా అన్నాది, తప్పేటి?” అని అడిగితే ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంది. చివరకు ఉచ్చారణ దోషమని రాసి, వారానికి రెండుసార్లు చొప్పున ఆరు నెలలు స్పీచ్ థెరపీకి తీసుకురమ్మంది. ఆ తర్వాత మూడు వారాల పాటు మా పిల్ల కొత్తవాళ్ళ ముందు నోరు విప్పలేదు. ఆ అమ్మాయిని నిందించడం నా ఉద్దేశం కాదు. ఆమె చేతిలో ఉన్న కాగితంలో ‘చేప’ అని అచ్చువేసి ఉంది. ఆమె దాన్నే నమ్మింది.

‘చ’ను ‘స’గా, ‘ళ’ను ‘ల’గా, మాట మొదట్లోని ‘ల’ను ‘న’గా పలకడం మా ప్రాంతంలో తరతరాలుగా ఉన్న పద్ధతి. ‘లేదు’ ఇక్కడ ‘నేదు’, ‘లోపల’ ఇక్కడ ‘నోపల’, ‘చెప్పు’ ఇక్కడ ‘సెప్పు’. నేను కూడా తరగతి గదిలో ఒకలాగా, ఇంటి అరుగు మీద మరొకలాగా మాట్లాడుతూనే ఉద్యోగం వెళ్ళబుచ్చాను. పిల్ల పలికినట్టే ఇంట్లో తల్లీ అమ్మమ్మా, వీధిలో పదిమందీ పలుకుతుంటే అది యాస. అదే అయిదేళ్ళ పిల్ల ‘కాకి’ని ‘తాతి’ అంటూ, ఇంట్లో మరెవరూ అలా అనకపోతే, అది నిపుణులు చూడవలసిన ఇబ్బంది. అమెరికాలోని వాక్, శ్రవణ నిపుణుల జాతీయ సంఘం 1983లోనే ఏ మాండలికమూ రుగ్మత కాదని తన విధానంగా ప్రకటించింది. అక్కడి నల్లజాతి పిల్లల పలుకుబడి కోసం వచ్చిన ఆ ఎరుక, మన పరీక్ష కాగితాల మీదికీ రావలసి ఉంది.

ఇది కేవలం యాస మీద మమకారంతో రాస్తున్న మాట కాదు. అసలు చిక్కు చెవి దగ్గర ఉంది. అచ్చుల బలం చాలావరకు తక్కువ పౌనఃపున్యాల్లో, అంటే మంద్ర స్థాయిల్లో ఉంటే, ‘స’ వంటి ఊదుడు ధ్వనుల బలం 4,000 హెర్ట్జ్, అంతకు పైన ఉంటుంది. పై స్థాయిల్లో మాత్రమే వినికిడి తగ్గిన పిల్లకు పిలిస్తే వినబడుతుంది, తలుపు చప్పుడు వినబడుతుంది, పాట కూడా వినబడుతుంది. ‘స’ మాత్రం అందదు. అందని ధ్వనిని పిల్ల పలకలేదు గనుక దాన్ని వదిలేస్తుంది, లేదా ‘త’ వంటి మరో అక్షరంతో సరిపెడుతుంది. అందుకే ‘స’, ‘చ’ల దగ్గర జరిగే పొరపాట్లను నిపుణులు అంత శ్రద్ధగా గమనిస్తారు. ఇప్పుడు మా ప్రాంతానికి వచ్చి చూడండి. ‘సేప’ అన్న పిల్ల చెవి శుభ్రంగా ఉన్నట్టే, ఎందుకంటే తన ఇంట్లో విన్న ‘స’ను అది స్పష్టంగా పలికింది. అనుమానించవలసినది ‘తేప’ అనే పిల్లను, ‘ఏప’ అనే పిల్లను. యాస తెలియని పరీక్షకుడు ఈ ముగ్గురికీ ఒకే ఇంటూ పెడతాడు. యాస సగం తెలిసినవాడు ముగ్గురినీ ‘ఇక్కడివాళ్ళు ఇంతే’ అని ఇంటికి పంపేస్తాడు. నాకు రెండోదే ఎక్కువ భయం, ఎందుకంటే అక్కడ నష్టపోయేది నిజంగా వినబడని పిల్ల.

పసిబిడ్డల విషయంలో ఈ బెడద లేదు. లోపలి చెవి స్పందనను కొలిచేందుకు పుట్టిన నెలలోపు చేసే ఓఏఈ పరీక్షకు గానీ, వినికిడి నాడి స్పందనను కొలిచేందుకు ఆ తర్వాత చేసే బెరా పరీక్షకు గానీ భాషతో పని లేదు. చెవి, నాడి ఇచ్చే జవాబును యంత్రమే నమోదు చేస్తుంది. మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స మొదలు కావాలన్నది అందరూ ఒప్పుకున్న లెక్క. మేనరికాల వల్ల వచ్చే పుట్టు చెవుడు గురించీ, మన దేశంలో అందులో తరచుగా కనిపించే కనెక్సిన్ 26 జన్యులోపం గురించీ పరిశోధనలు వచ్చాయి. మాటతో కొలిచే పరీక్ష దగ్గరకు వచ్చేసరికే భాష అడ్డం పడుతుంది. పెద్దవాళ్ళకు హెడ్‌ఫోన్లు పెట్టి, మాటలు వినిపించి, తిరిగి చెప్పమని మార్కులు వేసే పరీక్ష ఒకటి ఉంది. మా అన్నయ్యకు ఎనభై దాటాయి. “వినబడతాది గాని ఏటన్నారో తెల్దు” అని ఆయన ఫిర్యాదు. ఆ పరీక్షలో వినిపించిన మాటల్లో కొన్నింటిని ఆయన జన్మలో వాడలేదు. తెలియని మాటను అందుకోలేకపోతే ఆ తప్పు చెవిదో, మాటల పట్టికదో ఎవరు తేల్చాలి? కాక్లియర్ ఇంప్లాంట్, అంటే లోపలి చెవిలో అమర్చే వినికిడి యంత్రం వేసిన పిల్లల సంగతి ఇంకా సున్నితం. శస్త్రచికిత్స ప్రభుత్వ పథకం కింద జరిగినా, ఆ తర్వాత వినడం నేర్పే శిక్షణ నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి సాగుతుంది. అక్కడ ‘లేదు’ నేర్చుకుని ఇంటికి వస్తే అందరూ ‘నేదు’ అంటారు. అసలే కొత్తగా వింటున్న పిల్లకు ఇది రెండింతల పని.

శ్రీకాకుళం జిల్లాలో, 1863లో పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారిని ఈ సందర్భంలో తలచుకోకుండా ఉండలేను. కొండలెక్కి సవరల నోట విని వాళ్ళ భాష నేర్చుకుని వ్యాకరణం రాసిన ఆయన, ఆ తిరుగుళ్ళలో పట్టుకున్న మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల చెవుడు తెచ్చుకుని జీవితాంతం దానితోనే గడిపారు. మందుల వల్ల చెవికి నష్టం జరగడం పాత సంగతి కాదు. కొన్ని రకాల యాంటీబయాటిక్ ఇంజెక్షన్లకు, ఒంట్లో నీరు తీయడానికి ఎక్కువ మోతాదులో నరానికి ఎక్కించే ఫ్రుసెమైడ్‌కు కూడా ఆ గుణం ఉంది. కిడ్నీ సరిగా పనిచేయనివారిలో ఆ ముప్పు మరీ ఎక్కువ. కిడ్నీ రోగం మీద ఏళ్ళుగా అధ్యయనాలు జరిగిన ఉద్దానంలో, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి ప్రారంభమైన చోట, రోగుల రక్త పరీక్షలతో పాటు ఏటా ఒక ఆడియోగ్రామ్ (వినికిడి కొలత పటం) కూడా తీసి దాచిపెట్టడం పెద్ద ఖర్చేమీ కాదు.

ఈ రంగంలో మనకు సంస్థలు లేకపోలేదు. మైసూరులో 1965లో నెలకొల్పిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. ముంబైలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇక్కడి నుంచి అది ఒక రాత్రి రైలు ప్రయాణం. ఆ సంస్థలు శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలలతోనూ, ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయంతోనూ, ఆంధ్రా విశ్వవిద్యాలయ భాషాశాస్త్రవేత్తలతోనూ కలిసి, ఇక్కడి ఆరోగ్యవంతులైన పిల్లలు ఏ వయసుకు ఏ ధ్వని ఎలా పలుకుతారో ముందు నమోదు చేయాలి. ఆ నమూనాలో పాలకొండ పల్లె పిల్ల ఉండాలి, ఇంట్లో ఒడియా మాట్లాడే ఇచ్ఛాపురం పిల్ల ఉండాలి, ద్రావిడ కుటుంబానికే చెందని సవర మాట్లాడే సీతంపేట కొండల పిల్ల ఉండాలి. అంతవరకూ, పరీక్ష కాగితంలో ‘ఇంట్లో పెద్దలు ఈ మాటను ఎలా పలుకుతారు?’ అన్న ఒక్క గడి అదనంగా గీసి, తోడు వచ్చిన పెద్దవాళ్ళను అడిగి నింపినా చాలావరకు మేలు జరుగుతుంది.

మా మనవరాలిని తర్వాత మరొక వినికిడి నిపుణుడి (ఆడియాలజిస్టు) దగ్గరకు తీసుకువెళ్ళాం. ఆయన ముందు చెవులు పరీక్షించి, రెండూ బాగున్నాయని చెప్పి, తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, “అమ్మా, ఇది మీరు చెప్పండి” అంటూ అదే చేప బొమ్మ చూపించారు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
నరసన్నపేట మండలం, శ్రీకాకుళం జిల్లా.