పిన్నుల పక్కన పేర్లైనా అచ్చు వేయరా?

సంపాదకుడికి,

మా పెదవాల్తేరులో ఉప్పుగాలికి ఇనుము నిలవదు. మా అబ్బాయి వాడే బ్రాండెడ్ కంప్యూటర్ డబ్బా తుప్పుపట్టి అడుగున చిల్లులు పడింది. డాబాగార్డెన్స్‌లో కొత్త కేబినెట్ కొని, పాత మదర్‌బోర్డు (భాగాలన్నీ కలిసే పెద్ద సర్క్యూట్ బోర్డు) అందులో నేనే బిగించాను. అన్నీ కుదిరాయి, డబ్బా ముందువైపు బటన్, లైట్ల నుంచి బోర్డుకొచ్చే వైర్లు తప్ప. మామూలు బోర్డుల్లో వీటికి రెండు వరసల్లో 9 పిన్నులుంటాయి. వాటిలో 6, 8 నంబర్లవి పవర్ బటన్‌వి. దీనికేమో 11 ఉన్నాయి, పక్కన ఒక్క అక్షరం లేదు.

షాపులో "బోర్డు మార్చేయండి మాస్టారూ" అన్నారు. బాగున్న బోర్డు ఎందుకు మార్చాలి? పాత డబ్బా పారేయకపోవడం మంచిదైంది (దాని గురించి మా ఆవిడ సణుగుడు వేరే కథ). ఈ పిన్నులకు తొడిగే దాని ప్లగ్గు రంధ్రాల్లో మల్టీమీటర్ (కరెంటు దారి కలిస్తే కూసే మీటరు) ముళ్లు రెండేసి పెట్టి, పాత డబ్బా బటన్ నొక్కుతూ పోయాను. ఒక జత దగ్గర కుయ్‌మంది. కొత్త బటన్ వైరు ఆ రంధ్రాలు కూర్చునే రెండు పిన్నులకే తొడిగితే ఫ్యాన్ తిరిగింది! బటన్‌కి ప్లస్, మైనస్ పట్టింపు లేదు. లైటుకి ఉంది, మొదట వెలగలేదు, తిప్పి పెడితే వెలిగింది.

2022లో కేంద్రం 'రైట్ టు రిపేర్' (కొన్న వస్తువు బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ పెట్టింది. ఏ పిన్ను దేనిదో కంపెనీలు డబ్బా లోపల ఒక స్టిక్కర్ అంటించేలా కూడా చూడాలి.

– ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, పెదవాల్తేరు, విశాఖపట్నం