లెక్కల మాస్టార్లు, కాలేజీ అధ్యాపకులు కలిసి కూర్చోవాలి

సంపాదకుడికి,

జాతీయ గణిత దినోత్సవమని డిసెంబరు 22న మన శ్రీకాకుళం జిల్లా ఉన్నత పాఠశాలలకు డిగ్రీ కళాశాల అధ్యాపకులను పిలుస్తారు. శాలువా కప్పి, రామానుజన్ గురించి అరగంట వింటారు. మిగతా ఏడాదంతా ఎవరి నల్లబల్ల వారిదే. ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం, టెక్కలిలో, శ్రీకాకుళంలో డిగ్రీ కళాశాలలు ఉన్నా ఇదీ పరిస్థితి. దగ్గర్లోని బడుల ఉపాధ్యాయులంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలేమో సర్క్యులర్లతో, యాప్ వివరాలతో గడిచిపోతున్నాయి.

నెలకో పూట 12 నుంచి 16 మంది రెండున్నర గంటలు ఒకే లెక్క మీద కూర్చుంటే చాలు. అమెరికాలో 2006 నుంచి గణితజ్ఞులు, బడి ఉపాధ్యాయులు ఇలాగే కలిసి లెక్కలు చేస్తున్నారు.

ఎలాంటి లెక్క? గళ్ల కాగితం మీద 5 గళ్ల పొడవు, 3 గళ్ల వెడల్పుతో దీర్ఘచతురస్రం గీసి కర్ణం గీస్తే అది 7 గళ్ల గుండా పోతుంది. 7, 4 తీసుకుంటే 10. రెండూ కూడి ఒకటి తీసేస్తే సరిపోతుందనిపిస్తుంది. 6, 4 దగ్గర 9 రావాలి, కానీ 8 వస్తుంది. కర్ణం నట్టనడుమ గళ్ల మూల మీదుగా పోయి, నిలువు గీతనూ అడ్డ గీతనూ ఒకేసారి దాటింది. అందుకే ఒక గడి తగ్గింది. అలా లెక్కిస్తూ పోతే తీసెయ్యాల్సింది 1 కాదు, ఆ రెండు సంఖ్యల గ.సా.భా., అంటే రెంటినీ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్య, అని తేలుతుంది. ఆరో తరగతిలో వట్టి భాగహారంగా చెప్పే గ.సా.భా. ఇక్కడ కంటికి కనిపిస్తుంది! గళ్ల కాగితానికి బదులు చిన్న ఘనాలు పేర్చిన ఇటుక లాంటి దిమ్మ అయితే ఎలా అని అడిగితే అధ్యాపకుడూ ఆలోచనలో పడతారు.

ఇలాంటి బృందాలు చెడేది ఎక్కువగా అధ్యాపకుడి వల్లే. పది నిమిషాలకే ఆయన పాఠం మొదలుపెడితే మాస్టార్లు నోట్సు రాసుకోవడంలో పడతారు. అందుకే మొదటి 40 నిమిషాలు ఆయన సుద్దముక్క పట్టకూడదు. ముగ్గురు నలుగురున్న జట్టులో తనూ ఒకరై కూర్చోవాలి. ఒలింపియాడ్ చిట్కా లెక్కలూ వద్దు. ఇద్దరు తేల్చేస్తారు, మిగతావారు వచ్చే నెల రారు. బొమ్మ గీసి, చిన్న సంఖ్యలతో ఎవరైనా మొదలుపెట్టగలిగే లెక్కే కావాలి. తనిఖీ అధికారులు ఆ గదిలో ఉండకూడదు, ఫొటోలు పంపాలన్న నిబంధనా వద్దు. పైవారి ముందు బల్ల మీద తప్పు చేయడానికి ఏ మాస్టారూ సాహసించరు. తప్పు చేయకుండా ఈ పని సాగదు. చివరి అరగంట మాత్రం ఆ లెక్కలో ఏ ముక్క తరగతికి పట్టుకెళ్లాలో తేల్చుకోవడానికే.

ఖర్చంటే గళ్ల కాగితం, సుద్ద, టీ. అసలు కావాల్సింది ఇరువైపుల వారికీ ఆ పూట ఆన్ డ్యూటీ. జిల్లా విద్యాశాఖాధికారి, కళాశాలల ప్రిన్సిపాళ్లు కూడబలుక్కుంటే అయ్యే పనే. మందస, మెళియాపుట్టి వారిని శ్రీకాకుళం రమ్మంటే రోజంతా బస్సులకే సరి, వారికి టెక్కలిలోనే పెట్టాలి. ఫిబ్రవరి, మార్చిల్లో పదో తరగతి పరీక్షల హడావుడి కాబట్టి జూలైలో మొదలుపెట్టి జనవరిలో ఆపినా ఏడు పూటలు దొరుకుతాయి.

– కొందరు గణిత ఉపాధ్యాయులు, అధ్యాపకులు
శ్రీకాకుళం జిల్లా