బద్ధకం కాదమ్మా

అమ్మా,

నేను బాగానే ఉన్నాను. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? తగ్గిందని మాత్రలు మానేయొద్దని చెప్పు.

మొన్న ఫోన్లో "గొంతు ఏంట్రా అలా ఉంది" అని అడిగావు. పక్కన అందరూ ఉన్నారు, చెప్పడం కుదరలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆఫీసు పని మామూలే, చెప్పేదేం లేదు. ఇబ్బందంతా ఇంటికొచ్చాకే. తలుపు తీసి లోపలికి రాగానే ఒంట్లో ఓపికంతా ఎవరో పిండేసినట్టు అయిపోతుంది. బట్టలు మడతపెట్టాలి, అక్కకి జవాబివ్వాలి. అన్నీ గుర్తుంటాయి, కుర్చీలోంచి లేవబుద్ధి కాదు. సెలవు రోజు ఇంకా కష్టం. ఇష్టపడి కొనుక్కున్న పుస్తకాలు కూడా తెరవాలనిపించడం లేదు.

నాన్న బద్ధకం అన్నారు. బద్ధకమైతే హాయిగా ఉండాలి కదమ్మా? కూర్చున్నంతసేపూ లేవలేదన్న బాధే. ఆఫీసులో గడువులుంటాయి, అడిగేవాళ్లుంటారు, ఆ ఊపులో రోజు గడిచిపోతుంది. ఇంట్లో అడిగేవాళ్లెవరు?

డాక్టరు దగ్గరికి వెళ్లాను. కంగారుపడకు. నీరసానికి చాలా కారణాలు ఉంటాయని రక్తపరీక్షలు రాశారు: హిమోగ్లోబిన్, ఐరన్, థైరాయిడ్, బి12, విటమిన్ డి. నీ థైరాయిడ్ నాకూ వచ్చిందేమోనని భయపడ్డాను, రాలేదు. బి12 తక్కువగా ఉంది, మాత్రలు వాడుతున్నాను. తర్వాత 9 ప్రశ్నల కాగితం ఒకటి ఇచ్చారు. గత 2 వారాల్లో దిగులుగా ఉందా, పనుల మీద ఆసక్తి పోయిందా, నిద్ర ఎలా ఉంది, ఇలాంటివి. డిప్రెషన్ ఉందేమో చూడటానికట. కొద్దిగా ఉందన్నారు. కౌన్సెలర్‌తో మాట్లాడుతున్నాను.

"అయితే వచ్చెయ్" అనకు. చూపించుకుంటున్నాను కదా.

ఉత్సాహం వచ్చాక మొదలుపెడదామని కూర్చుంటే అది రాదట. ముందు చిన్న పనేదో మొదలుపెడితే ఉత్సాహం మెల్లగా వెనకాల వస్తుందట. ఇలా చేయించడం కూడా ఒక వైద్యమేనట. అందుకని ఇంటికొచ్చాక బూట్లు విప్పకుండానే కాసేపు నడిచొస్తున్నాను. పొద్దున కూడా బయట నిలబడుతున్నాను. మబ్బు పట్టినా సరే, బయటి వెలుతురు ఇంట్లో లైట్ల కంటే చాలా ఎక్కువ, నిద్ర వేళకి రావడానికి అది పనికొస్తుంది. మధ్యాహ్నం దాటితే కాఫీ ముట్టడం లేదు. తాగిన 5 గంటలకి కూడా దాదాపు సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుందట. కొన్ని రోజులు తేలిగ్గా ఉంటోంది. కొన్ని రోజులు ఏం చేసినా కదలిక రాదు, ఆ రోజుల్లో స్నానం చేసి పడుకుంటున్నాను.

నాకొకటి కావాలమ్మా. ఆదివారం నేను చెయ్యకపోతే నువ్వే ఫోన్ చెయ్యి. నేను సరిగా మాట్లాడకపోయినా పెట్టెయ్యకు. నీ పని నువ్వు చేసుకుంటూ, ఇంట్లో సంగతులు చెబుతూ ఉండు. అది వింటూ నేనిక్కడ బట్టలు మడతపెట్టుకుంటాను. ఒక్కడినే ఉంటే ఆ పని అవడం లేదు.

ఈమధ్య చిన్నాన్న బాగా గుర్తొస్తున్నాడు. ఎవరితోనూ కలవకుండా గదిలోనే ఉండిపోతే అందరూ పొగరన్నారు. ఏమైందని ఎవరైనా అడిగారో లేదో. ఆయన ఫోన్ నంబరు పంపు, నేనే మాట్లాడతాను.

అక్కకి నేను విడిగా రాస్తాను. బీపీ మాత్ర మర్చిపోకు.

నీ
చిన్నోడు