పేషెంటు తిడితే డ్యూటీ మారేది నర్సుకా?

ఇంగ్లండ్ చీఫ్ నర్సింగ్ ఆఫీసర్ గారికి,

నమస్కారం. గుంటూరులో నర్సింగ్ చదివి, ఇక్కడ ఒక ఆసుపత్రిలో బ్యాండ్ 5 (నర్సు కొలువులో మొదటి మెట్టు) నర్సుగా పనిచేస్తున్నాను. పేరు రాస్తే ఉద్యోగానికే ఎసరు.

మొన్న నైట్ డ్యూటీలో ఇన్సులిన్ ఇవ్వబోతుంటే ఒక పేషెంటు చెయ్యి లాక్కుని, "తెల్ల నర్సును పంపండి" అన్నాడు. ఇన్‌ఛార్జ్ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. నన్నే పక్క బెడ్లకు మార్చింది. రిపోర్టు రాస్తానంటే "పెద్దాయన, పోనీలే" అంది. వయసుకీ దీనికీ ఏం సంబంధమో!

ప్రాణాపాయం లేని కేసుల్లో ఇలాంటివాళ్లకు వైద్యం నిరాకరించవచ్చని 2020 ఏప్రిల్ నుంచి ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లో రూలుంది. దాన్ని ఏ ఆసుపత్రి ఎన్నిసార్లు వాడిందో బయటపెట్టండి. షార్ట్‌లిస్టు అయ్యాక ఉద్యోగం దక్కే అవకాశం తెల్లవారికే ఎక్కువని మీ వార్షిక నివేదికలే చెప్తున్నాయి. చెప్పి ఊరుకుంటే ఎలా?

ఇంకొకటి. వేలికి పెట్టే ఆక్సిమీటర్ నల్లటి చర్మమున్నవారిలో ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చని 2020లో అమెరికా పరిశోధకులు తేల్చారు. మా వార్డు ట్రైనింగులో ఆ ముక్కే లేదు. రీడింగు బాగుందని పేషెంటును ఇంటికి పంపేది మేమే కదా, ముందు ఆ పాఠం చేర్పించండి.

ఇట్లు,
ఒక తెలుగు నర్సు