యేసు ముఖచిత్రం: ఊహ, ఆధారం

సంపాదకులకు నమస్కారం.

క్రిస్మస్ వ్యాసాల పక్కన, ఇళ్లలోని గోడ క్యాలెండర్లపైన మనం చూసే యేసు రూపం, అంటే తెల్లని మేనిఛాయ, నీలికళ్లు, భుజాల మీదికి జారే లేతరంగు జుట్టు, పాశ్చాత్య చిత్రకారుల ఊహేగాని చరిత్ర కాదు. 1940లో అమెరికా చిత్రకారుడు వార్నర్ సాల్‌మన్ వేసిన చిత్రం కోట్లాది ప్రతులుగా వ్యాపించి ఈ రూపాన్ని మరింత స్థిరపరిచింది.

యేసు జీవితాన్ని చెప్పే బైబిల్లోని నాలుగు సువార్తలూ ఆయన ముఖకవళికలను వర్ణించలేదు. గెత్సేమనే తోటలో, ఆయనను శత్రువులకు పట్టించిన శిష్యుడు ఇస్కరియోతు యూదా ముద్దుపెట్టి వారికి ఆయనను గుర్తు చూపవలసి వచ్చిందంటే, ఆయన శిష్యుల మధ్య ప్రత్యేకంగా కనిపించేవారు కారని నేను భావిస్తున్నాను. పురుషునికి పొడవైన జుట్టు అవమానమని తొలితరం క్రైస్తవ బోధకుడు పౌలు కొరింథు నగరపు క్రైస్తవులకు రాయడం కూడా గమనించదగినది. సిరియాలోని దూరా యూరోపస్‌లో బయటపడిన 3వ శతాబ్దపు గోడచిత్రంలో ఆయన గడ్డం లేకుండా, పొట్టి జుట్టుతో ఉన్నారు. 2001లో బ్రిటన్ నిపుణుడు రిచర్డ్ నీవ్ 1వ శతాబ్దపు యూదుని పుర్రె ఆధారంగా మలచిన ముఖానికి చామనఛాయ, వెడల్పాటి ముక్కు ఉన్నాయి. అది యేసు ముఖమని కాదు, ఆయన కాలపు మనుషుల పోలిక అని మాత్రమే గ్రహించాలి.

భక్తులు ఏ పటం ముందు ప్రార్థించినా నాకు అభ్యంతరం లేదు. అయితే పత్రికలు ఇటువంటి చిత్రాలను ప్రచురించేటప్పుడు, వాటిని ఎవరు, ఏ కాలంలో వేశారో కింద ఒక్క వాక్యంలో తెలపాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, గుంటూరు