ఫర్నేస్ ఫైబర్ సెన్సర్ల తప్పుడు రీడింగులపై ఫిర్యాదు

సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

అయ్యా,

బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లోని మా ఫెర్రో అల్లాయ్స్ యూనిట్‌లో ఫర్నేస్ షెల్ (బయటి ఉక్కు తొడుగు) వేడి చూసుకోవడానికి మీ ఫైబర్ సెన్సర్లు (గాజు పోగులో వెలుగుతో వేడి కొలిచేవి) పెట్టించుకున్నాం. లోపల వేడిని ఆపే లైనింగ్ అరిగితే ఆ సంగతి షెల్ వేడిలో తెలుస్తుంది. కనిపెట్టకపోతే కరిగిన లోహం బయటికి తన్నుకొస్తుంది, కూలింగ్ నీళ్లు తగిలితే పేలుడే. అందుకే ఖరీదెక్కువైనా ఒప్పుకున్నాం.

మొన్న నైట్ షిఫ్ట్‌లో స్క్రీన్ మీద 150 డిగ్రీలు చూపించి అలారం మోగింది. హడావిడిగా లోడ్ తగ్గించాం. మా కుర్రాడు టెంపరేచర్ గన్ పట్టుకెళ్లి సెన్సర్ పక్కనే కొలిస్తే 80. ఇలాంటివి ఇంతకుముందూ జరిగాయి.

దీనికి మీ జవాబేమిటంటే, మా ప్లాంట్‌లో కరెంటు నాయిస్ (రీడింగును చెడగొట్టే విద్యుత్ అలజడి) ఎక్కువట! ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ఎలక్ట్రోడ్లలో వేల ఆంపియర్లు పారే చోట థర్మోకపుల్ (రెండు లోహపు తీగల జతతో వేడి కొలిచే సాధనం) వైర్లు నాయిస్ పట్టుకుంటాయని చెప్పే కదా మీ సేల్స్ వాళ్లు మా చేత ఫైబర్ కొనిపించింది? గాజు పోగులో పోయే వెలుగుకు ఆ నాయిస్ అంటదు. రీడింగ్ తీసే పెట్టె కంట్రోల్ రూమ్‌లో యూపీఎస్ మీద ఉంది.

తప్పు బిగింపులో ఉంది. ఫైబర్‌లో ఒక్క తరంగదైర్ఘ్యం వెలుగునే వెనక్కి పంపే సన్నగీతల వరుసే గ్రేటింగ్. 1550 నానోమీటర్ల గ్రేటింగ్‌లో ఆ తరంగదైర్ఘ్యం డిగ్రీ వేడికి సుమారు 10 పికోమీటర్లు జరుగుతుంది. ఫైబర్ సాగినా జరుగుతుంది, పది లక్షల్లో ఒక వంతు సాగితే సుమారు 1.2 పికోమీటర్లు. మీ టెక్నీషియన్ సెన్సర్లను గొట్టంలో వదులుగా ఉంచకుండా షెల్‌కే జిగురుతో అంటించేశాడు. ఉక్కు డిగ్రీకి పది లక్షల్లో 12 వంతులు వ్యాకోచిస్తూ ఫైబర్‌నూ లాగుతుంది. దానివల్ల ఇంకో 14 పికోమీటర్లు. మీ సాఫ్ట్‌వేర్ మొత్తం 24నూ వేడి ఖాతాలోనే రాస్తోంది. అంటించిన రోజు షెల్ 30 డిగ్రీలు. అక్కడినుంచి 50 పెరిగితే మీ లెక్కలో 120 పెరిగినట్టు. 150 ఎలా వచ్చిందో ఇక మీరే చూసుకోండి.

ఫైబర్ మీది పూత సంగతీ అంతే. 300 డిగ్రీలు తట్టుకునే పాలీఇమైడ్ అని కొటేషన్‌లో రాశారు, వచ్చింది మామూలు అక్రిలేట్. అది 85 దాటితే ఎక్కువకాలం నిలవదు. ట్యాపింగ్ వైపు (కరిగిన లోహం బయటికి తీసే వైపు) పోగు ఇప్పటికే గోధుమరంగుకు తిరిగింది, గోటితో గీకితే పొడి రాలుతోంది.

డబ్బు కంటే నా టెన్షన్ వేరే. అలారం మోగితే షిఫ్ట్ వాళ్లు లేవడం మానేశారు. "మళ్లీ అదేలెండి సార్" అంటున్నారు. నిజంగా షెల్ కాలిన రోజు కూడా ఆ మాటే అంటే ఎవరిది పూచీ?

కాబట్టి సెన్సర్లన్నీ మీ ఖర్చుతో తీసి, పాలీఇమైడ్ పూతవి స్టీలు గొట్టాల్లో వదులుగా ఉండేలా బిగించండి. బిగించే ముందు మా ఎదుటే వేడినూనెలో థర్మోకపుల్‌తో సరిపోల్చి చూపించాలి. అంతవరకు బకాయి సొమ్ము ఇవ్వం. వచ్చే నెల షట్‌డౌన్ ఉంది, అది దాటితే షెల్ దగ్గరికి ఎవరినీ వెళ్లనివ్వం. తేదీ ముందే చెబితే గేట్ పాస్ రాయించి ఉంచుతాం.

ఇట్లు,
ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇన్‌చార్జి,
బొబ్బిలి, విజయనగరం జిల్లా