విద్యార్థుల ప్రాజెక్టులు వైవాతో ఆగిపోకూడదు

సంపాదకులకు నమస్కారాలు.

నేను ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి వాస్తవ్యురాలిని, మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థినిని. ఇంజనీరింగ్ చదువుల నాణ్యత గురించి పత్రికల్లో జరిగే చర్చల్లో ఉద్యోగాల మాట, ఫీజుల మాట తరచుగా వస్తుంది గానీ, నాలుగేళ్లలో విద్యార్థులు తమ చేతులతో తయారుచేసిన వస్తువులు చివరకు ఏమవుతున్నాయన్న మాట అంతగా వినిపించదు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దుకు రెండు వైపులా మీ పత్రిక చదివే కళాశాలల నిర్వాహకుల ముందు, గిరిజనాభివృద్ధి అధికారుల ముందు ఆ విషయం ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన సంగతి తెలుగువారికి బాగా గుర్తుంది. అదే తుఫాను వర్షానికి మా జిల్లాలోని బరఘర గ్రామం దగ్గర కొండచరియ విరిగి, వాన నుంచి కాపాడుకోవడానికి కొండ మాటున చేరిన మనుషుల మీద పడిందన్న సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు. అప్పుడు నేను బడిలో చదువుతున్నాను. మా ఇళ్ల నుంచి కనిపించే కొండల్లోనే అంత ఘోరం జరగడం, ఆ రాత్రి వాళ్లను హెచ్చరించే సాధనమేదీ దగ్గరలో లేకపోవడం నా మనసులో నాటుకుపోయాయి. ఇంజనీరింగ్‌లో చేరాలని నిర్ణయించుకున్నది అందుకే.

రెండో సంవత్సరంలో డిజైన్ ప్రాజెక్టుకు అంశం ఎంచుకోమన్నప్పుడు, మా బృందం కొండ పల్లెల కోసం వర్షాన్ని కొలిచి మోగే ఒక పరికరాన్ని తలపెట్టింది. బ్లాకు కేంద్రంలో కొలిచిన వర్షానికీ, అదే రోజు కొండ మీద కురిసిన వర్షానికీ పొంతన ఉండదు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షమనీ, 115.6 నుంచి అతి భారీ వర్షమనీ వాతావరణ శాఖ లెక్క; కానీ తన కొండ మీద ఆ గీత ఎప్పుడు దాటిందో ఆ పల్లెలో ఉన్న మనిషికి తెలిసే మార్గం లేదు. మా పరికరం కొత్త ఆవిష్కారమేమీ కాదు. గరాటులో పడిన వాన కింద ఉన్న జంట దొన్నెల్లోకి చేరుతుంది. ఒక దొన్నె నిండగానే పిల్లలు ఆడుకునే ఎక్కుడు దిగుడు బల్లలాగా ఒరిగి నీటిని పారబోసి, రెండో దొన్నెను గరాటు కిందికి తెస్తుంది. ఒరిగిన ప్రతిసారీ ఒక అయస్కాంతం రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరకు వస్తే తనంతట కలిసే స్విచ్) ముందు నుంచి పోతుంది, చిన్న సర్క్యూట్ ఆ లెక్క ఉంచుకుంటుంది, లెక్క హద్దు దాటితే హారన్ మోగుతుంది. 20 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గరాటులో ఒక మిల్లీమీటరు వర్షానికి సుమారు 31.4 మిల్లీలీటర్ల నీరు పడుతుంది కనుక, మందుల దుకాణంలో దొరికే సిరంజితోనే దాన్ని సరిచూసుకోవచ్చు. తుఫాను వేళ కరెంటు, ఫోన్ సిగ్నల్ రెండూ ముందే పోతాయి. అందువల్ల ఎక్కడికో సందేశం పంపే యంత్రం కాక, ఉన్నచోటనే బ్యాటరీతో మోగే యంత్రం కావాలనుకున్నాం.

ఆ నమూనాను ఒక సవర గిరిజనుల పల్లెకు తీసుకువెళ్లినప్పుడు అక్కడి పెద్దలు అడిగిన ప్రశ్నలు మా ప్రయోగశాలలో ఎవరూ అడిగినవి కావు. గరాటులో ఆకులు పడితే ఎవరు తీస్తారు, చీమలు గూడు కడితే ఏం చేస్తారు, మోగిన తరువాత చీకట్లో పిల్లలతో ఏ దారిన పోవాలి అని అడిగారు. గెడ్డ (కొండవాగు) నీరు ఉన్నట్టుండి బురదగా మారినా, వాన కురుస్తుండగానే గెడ్డ పారడం తగ్గిపోయినా పైన కొండ కదిలినట్టేనని ఒక వృద్ధుడు చెప్పారు. కొండచరియల గురించి మా పాఠ్యపుస్తకాలూ అదే చెబుతాయి. గరాటుకు జల్లెడ, కాళ్లకు నూనె గిన్నెలు అక్కడి మాటల నుంచి వచ్చినవే. ఆశ్రమ పాఠశాలలో రాత్రివేళ పెద్దవాళ్లు ఉంటారు కనుక దాన్ని అక్కడ పెట్టాలన్న ఆలోచన కూడా వాళ్లదే. ఈ పర్లాకిమిడిలోనే పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు ముందు సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకొని, ఆ తరువాతే వాళ్ల పిల్లలకు బడులు పెట్టారు. మా ఊరి పిల్లలకు ఇంతకన్నా మంచి మార్గదర్శి అక్కరలేదని నా నమ్మకం.

మరుసటి ఏడు జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ల కోసం ఒక కట్టర్‌ను దిద్దాం. పిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. నేల మీద కూర్చుని పనిచేసేవారికి అందేలా మీటను కిందికి దించి, నూనె చిందకుండా రేకు అమర్చాం. అది ఇప్పుడు వాడుకలో ఉంది.

వర్షమాపకానికి మాత్రం ఆ భాగ్యం కలగలేదు. మార్కులు వచ్చాయి, వైవా (మౌఖిక పరీక్ష) అయింది, పరికరం అలమారలో చేరింది. తరువాతి బ్యాచ్ విద్యార్థులు దాన్ని కొనసాగిస్తామని అడిగితే, పాత టైటిల్ మళ్లీ ఇవ్వకూడదన్న నిబంధన అడ్డు వచ్చింది. ఇది ఒక్క కళాశాల సంగతి కాదు; స్నేహితుల ద్వారా విన్నంతలో రెండు రాష్ట్రాల్లోనూ చాలాచోట్ల ఇదే పద్ధతి. కాపీ కొట్టడాన్ని ఆపడానికి పెట్టిన ఈ నిబంధన, నగరాల్లో డబ్బిచ్చి కొనుక్కొచ్చే రెడీమేడ్ ప్రాజెక్టులను ఆపలేకపోయింది. ఎందుకంటే వాటికి ప్రతి ఏటా కొత్త టైటిల్ దొరుకుతుంది. నిజంగా పల్లెకు వెళ్లి మొదలుపెట్టిన పనికి మాత్రం రెండో ఏడు లేకుండా పోతోంది.

మనుషులకు పనికొచ్చే వస్తువేదీ ఒక్క సెమిస్టరులో తయారు కాదు. అంధులకు మోకాలి పైన ఎదురయ్యే అడ్డంకులను ధ్వని తరంగాలతో పసిగట్టి చెప్పే స్మార్ట్‌కేన్ 2005లో ఐఐటీ ఢిల్లీలో ఒక విద్యార్థి కోర్సు ప్రాజెక్టుగా మొదలై, 2014లో గానీ ప్రజల చేతికి రాలేదు. నెలలు నిండని శిశువులను కరెంటు లేకుండానే కొన్ని గంటలపాటు వెచ్చగా ఉంచే ఎంబ్రేస్ సంచి కూడా 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో తరగతి పనిగా మొదలైనదే. చదువు అయ్యాక ఆ విద్యార్థులు బెంగళూరుకు వచ్చి ఏళ్ల తరబడి దాని మీదనే పనిచేశారు. ఆ రెండింటినీ మొదటి వైవాతో అలమారలో పెట్టి ఉంటే వాటి పేరు కూడా మనకు తెలిసేది కాదు.

అందువల్ల నేను ముందుగా కోరేది ఇది. క్షేత్రంలో పరీక్షించిన ప్రాజెక్టును తరువాతి బ్యాచ్ అదే పేరుతో కొనసాగించడానికి విశ్వవిద్యాలయాలు అనుమతించాలి. ముందు బ్యాచ్ ఎక్కడ ఆపిందో, తాము ఏమి మార్చారో రాసి చూపించమంటే కాపీ భయం ఉండదు. 2014లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం ఉన్నత్ భారత్ అభియాన్ కింద కళాశాలలు ఐదేసి గ్రామాలను దత్తత తీసుకుంటున్నాయి కనుక, పనికి చోటు వెతుక్కోవలసిన అవసరం కూడా లేదు. ఆ గ్రామాల నుంచి ఒక పెద్దను వైవాకు పిలిచి, ఆయన మాటకూ కొన్ని మార్కులు కేటాయిస్తే ఇంకా మంచిది.

మహేంద్రగిరి ప్రాంతపు కొండలకు రాష్ట్రాల గీత తెలియదు. ఆ గీతకు ఇటు పర్లాకిమిడిలో ఒక ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ), అటు ఆంధ్రలోని సీతంపేటలో ఒక ఐటీడీఏ సవరలతో సహా గిరిజనుల కోసం పనిచేస్తున్నాయి. ఈ రెండు కార్యాలయాలూ కలిసి చెరి రెండు ఆశ్రమ పాఠశాలల్లో ఈ వర్షమాపకాలను ఒక వానాకాలం పాటు పరీక్షించడానికి అనుమతిస్తే, తయారుచేసి అమర్చే పని, నెలనెలా వెళ్లి చూసుకునే పని మా జూనియర్లతో కలిసి నేను చేస్తాను. వేసవి సెలవులకు ముందే ఆ అనుమతి వస్తే, తుఫానులు ఎక్కువగా వచ్చే అక్టోబరు నాటికి అవి పనిచేస్తుంటాయి. పరికరం పటాలు, కొలతలు, సర్క్యూట్ వివరాలు ఏ కళాశాల విద్యార్థులు అడిగినా ఉచితంగా ఇస్తాం.

ఇట్లు,
ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.